సెల్ టవర్లు – మన జాగ్రత్తలు

నేడు చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో సెల్ టవరు కానరాని తావు అరుదు. గుట్టలపైన, మామిడితోటల అంచున, పట్టణములలో మిద్దెలమీద అవి నిలిచియున్నవి. టవరుతోపాటు ఒక సందేహమును ఊరిలో ప్రవేశించినది. దాని కిరణములు పిల్లలకు హాని చేయవా అని తల్లులు అడుగుచున్నారు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట తగదు. తెలియక భయపడుటయు తగదు.

కిరణములలో భేదము

ఎక్స్‌రే కిరణములు మిక్కిలి శక్తిగలవి. అవి దేహములోని అణువుల నిర్మాణమును చెదరగొట్టగలవు. టవరునుండి వెలువడునవి రేడియో అలలు. వానికి అట్టి శక్తి లేదు. కాని మోతాదు మించినచో దేహమునకు వేడి కలిగించును. 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ అలలను క్యాన్సరు కలిగింపవచ్చునేమోయను వర్గమున చేర్చినది. హాని రుజువైనదని దీని అర్థము కాదు. సాక్ష్యము పరిమితమనియు, పరిశోధన సాగవలెననియు భావము. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశము అంతర్జాతీయ పరిమితిలో పదియవ వంతును అమలుపరచినది. 900 మెగాహెర్ట్‌జ్ అలలకు అది చదరపు మీటరుకు 0.45 వాట్లు.

దూరమే రక్షణ

తిరుపతినుండి చిత్తూరు పోవు త్రోవకు చేరువనున్న గాదంకిలో 1990 దశకమున ఒక పెద్ద రాడారు నెలకొల్పబడినది. దానికి 1,024 యాంటెనాలు గలవు. తొలుత దాని గరిష్ఠశక్తి 25 లక్షల వాట్లు. ఆ శక్తి క్షణకాలపు స్పందనలుగా ఆకాశమువైపు పోవును. కావున శక్తి యెంతయని మాత్రమే గాక, అది ఏ దిశకు పోవుచున్నది, మనమెంత దూరమున ఉన్నామనియు చూడవలెను.

టవరు యాంటెనా తన అలలను టార్చిలైటువలె ఎదుటికి ప్రసరింపజేయును. దీపము క్రింద చీకటియన్నట్లు, టవరు మొదట వాని బలము తక్కువ. ఒక యాంటెనా 20 వాట్ల శక్తిని ఎదుటి దిశకు ఏబది రెట్లుగా కేంద్రీకరించినదనుకొందము. సరిగా ఎదుట 10 మీటర్ల దూరమున చదరపు మీటరుకు సుమారు 0.8 వాటు పడును. ఇది పైని చెప్పిన పరిమితిని మించినది. 20 మీటర్లలో 0.2 వాటు, 100 మీటర్లలో 0.008 వాటు మాత్రమే. దూరము రెట్టింపైనచో బలము నాల్గవ వంతగును.

మనము చేయవలసినది

అపాయము ఊరంతటను లేదు. యాంటెనాకు ఎదుట, అదే యెత్తున, అతి చేరువలో ఉన్నది. మిద్దెపై యాంటెనా గలవారు దాని ముందు బట్టలు ఆరవేయరాదు, పిల్లలను ఆడనీయరాదు. రంగులు వేయు పనివారిని, నీటితొట్టి కడుగువారిని దాని యెదుటికి పంపుటకు ముందే టవరు నిర్వాహకులకు తెలిపి ప్రసారమును నిలిపింపవలెను. హెచ్చరిక పలకను తొలగింపరాదు. ఎదురింటి పై అంతస్తు యాంటెనాకు సరిగా ఎదురైనచో కొలత కోరుట మంచిది. ఇందులకై కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2017లో తరంగ్ సంచార్ అను ఏర్పాటును ప్రారంభించినది.

మరియొక సంగతి. సంకేతము బలహీనముగానున్న కొండలోయలలో చేతిలోని ఫోను ఎక్కువ శక్తితో పనిచేయును. అది చెవికి ఆనుకొనియుండును. అట్టిచోట మాటలు క్లుప్తముగా ముగించుట మేలు. టవరును దూరముగా తరిమినంత మాత్రమున కిరణములు తగ్గవని దీనివలన తెలియుచున్నది.

భయమును విడిచి, కొలతను నమ్మి, హద్దును పాటించుదము.