పేరులేని చట్రము

నది పుట్టుకను, ఋషి పుట్టుకను అడుగరాదని పెద్దలందురు. మనుష్యుడు చేసిన వస్తువు పుట్టుకను మాత్రము అడుగవచ్చును. చూచువానికి ఓర్పు ఉన్నచో ఆ వస్తువే సమాధానము చెప్పును. ఇటలీ దేశపు పాత సైకిలు చట్రము ఇందుకు మంచి నిదర్శనము.

పందెపు సైకిళ్ల నిర్మాణమున ఇటలీ చిరకాలముగా ప్రసిద్ధి గాంచినది. మిలాను నగరమున ఎదోవార్దో బియాంకీ 1885లో తన కర్మశాలను నెలకొల్పెను. తరువాతి కాలమున చీనెల్లీ, మాసీ, కొల్నాగో, దె రోజా మొదలగువారు పేరుపొందిరి. వీరుగాక పేరెక్కని పనివారెందరో ఉండిరి. ఉక్కు గొట్టముల కొనలను 'లగ్గులు' అను తొడుగులలో చొనిపి, కరగిన ఇత్తడితో అతికి, వారు చట్రములను చేసిరి. చేసినవాని పేరు పెక్కింటిలో రంగుమీది అక్షరములలోనే ఉండెడిది. రంగు మార్చినచో పేరు పోవును. ప్రసిద్ధుల చట్రములకు నేడు వెల హెచ్చు. కావున పేరులేనిదానికి గొప్పపేరు తగిలించి అమ్మువారును కలరు. పరీక్ష అవసరమగుట ఇందుచేతనే.

మొదట దేశమును నిర్ణయింపవలెను. పెడళ్ల ఇరుసు తిరుగు అడ్డగొట్టమును చూడుడు. ఇటలీ పద్ధతిలో దాని వెడల్పు 70 మిల్లీమీటర్లు. మర వ్యాసము 36 మిల్లీమీటర్లు. రెండువైపుల మరలును కుడిచేతి వాటమే. ఇంగ్లీషు పద్ధతిలో వెడల్పు 68 మిల్లీమీటర్లు. గొలుసువైపు మర ఎడమచేతి వాటము.

పిమ్మట కాలము. వెనుక చక్రము ఇముడు ఎడమును కొలువుడు. వెనుక పళ్లచక్రములు ఐదున్న దినములలో అది సుమారు 120 మిల్లీమీటర్లు; ఆరేడు ఉన్నపుడు 126; ఎనిమిదైన పిమ్మట 130. బ్రేకుతీగను పట్టు ఆధారములు చట్రమునకే అతుకబడినచో అది చాలవరకు 1970 తరువాతిది. అంతకు ముందు వానిని పట్టీలతో బిగించుట వాడుక. అయినను ఎడమును సాగదీయవచ్చును. ఆధారములను తరువాత అతికింపవచ్చును. కావున ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పరాదు.

ఇచటనే పలువురు పొరబడుదురు. చక్రపు ఇరుసు కూర్చుండు కొక్కెముపై 'కంపాన్యోలో' అను పేరు చెక్కబడియుండును. ముందు ఫోర్కు గొట్టముపై కొలంబస్ వారి పావురపు ముద్ర కనబడును. ఇవి చట్రమును చేసినవారి పేర్లు కావు. కంపాన్యోలో విచెంజా నగరపు విడిభాగముల సంస్థ. కొలంబస్ మిలాను నగరపు గొట్టముల సంస్థ. వీరి సరకును పెక్కుమంది పనివారు కొనెడివారు. కాగితముపై మిల్లు ముద్రను చూచి కవి పేరు చెప్పవచ్చునా? అట్లే 58 అను అంకె కనబడినంతనే 1958వ సంవత్సరమని తలపరాదు. అది తరచుగా చట్రపు ఎత్తును సెంటీమీటర్లలో తెలుపును.

ఇక మిగిలినది చేతివాటము. లగ్గుల మొనలను ఆకురాయితో ఎట్లు సన్నగించిరి? వెనుక సన్నగొట్టముల పైకొనలను ఎట్లు మూసిరి? అడ్డగొట్టపు అడుగున ఏ ఆకారమును తొలిచిరి? కొల్నాగోకు కళావరు ఆకు, దె రోజాకు హృదయము గుర్తులు. పేరు తెలిసిన చట్రములతో వీనిని పోల్చి చూడవలెను.

పేరు ఉన్నను నమ్మరాని సందర్భము కలదు. 1972లో మెక్సికో నగరమున ఎడ్డీ మెర్క్సు ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి కీర్తి గడించెను. ఆ సైకిలుపై వ్రాసియున్న పేరు విండ్సర్. చేసినవాడు ఎర్నెస్తో కొల్నాగో!

సాక్ష్యములన్నియు ఏకమైనచో పేరు చెప్పవచ్చును. కానిచో "ఇటలీ చట్రము, 1970 ప్రాంతము, కర్త తెలియదు" అని వ్రాయుటయే న్యాయము. రసవంతమైన చాటువు కనబడినంతనే శ్రీనాథునిదనుట మనకు అలవాటు. దానివలన శ్రీనాథునకు కలుగు లాభము లేదు. నిజముగా వ్రాసిన కవి మాత్రము మరుగున పడును. చట్రము విషయమును అట్టిదే. తప్పుపేరు పెట్టినచో కొన్నవాడు ధనమును, చేసినవాడు కీర్తిని కోల్పోవుదురు. తెలియదని వ్రాసినచో ఆ పనివాని స్థానము ఖాళీగా నిలిచియుండును; ఏనాటికైనను అతని పేరు అచట చేరవచ్చును.

ప్రశ్నలు
1. కంపాన్యోలో ముద్రను చూచి చట్రమును చేసినవాని పేరు చెప్పరాదు. ఏల?
2. "కర్త తెలియదు" అని వ్రాయుట న్యాయమని రచయిత యేల చెప్పెను?