జాబితా తయారీలో మన మాట: తీరప్రాంత కులాల వర్గీకరణ చెప్పే పాఠం



ఉపకారవేతనం దరఖాస్తులో 'కులం' అని ఒక గడి, దాని పక్కనే 'ప్రవర్గ' లేదా 'గ్రూపు' అని మరో గడి ఉంటాయి. సర్టిఫికెట్‌లో ఉన్నది చూసి నింపేస్తాం. ఆ జాబితా ఎవరు తయారు చేశారు, ఎవరిని అడిగి చేశారు అని సాధారణంగా ఆలోచించం. ఈ సంచికలో ఆ సంగతే తెలుసుకుందాం. ఉదాహరణగా ఆంధ్ర తీరంలోని మత్స్యకార కులాలను తీసుకుంటున్నాం. సండూరు తాలూకాలోని కూరెకుప్ప సముద్రానికి దూరమే. కానీ తీరంలోని మత్స్యకారులూ, తుంగభద్ర ఒడ్డున వల వేసే బెస్తలూ ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఒకే వరుసలో కనిపిస్తారు. అందుకే ఈ పాఠం మనకు దగ్గరది.

1. వర్గీకరణ అంటే ఏమిటి?

ప్రభుత్వం ఎవరికైనా సహాయం చేయాలంటే ముందు వాళ్ళెవరో గుర్తించాలి. గుర్తించడానికి కొలమానాలు కావాలి: చదువు ఎంత, వృత్తి ఏమిటి, ఆదాయం ఎంత, సమాజంలో ఆ వృత్తిని ఎలా చూస్తున్నారు. ఆ కొలమానాల ప్రకారం సముదాయాలను వరుసగా పేర్చడమే వర్గీకరణ. కొలమానం నిర్ణయించేవాళ్ళు ఒకరు, దాని ఫలితం అనుభవించేవాళ్ళు మరొకరు. ఈ ఇద్దరి మధ్య మాట జరిగిందా లేదా అన్నదే మన పాఠంలో అసలు ప్రశ్న.

2. కొట్టివేసిన రెండు జాబితాలు, నిలబడిన మూడో జాబితా

ఆంధ్రప్రదేశ్ చరిత్రలో దీనికి స్పష్టమైన ఉదాహరణ ఉంది. 1963లో ప్రభుత్వం 139 కులాలతో వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించింది. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 1966లో 112 సముదాయాలతో రెండో జాబితా వచ్చింది. దాన్ని అధికారులు, మంత్రివర్గ ఉపసంఘం కూర్చొని ఖరారు చేశారు. హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1968లో పి.సాగర్ కేసులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే బలపరచింది. ఏ సమాచారం ఆధారంగా, ఏ కొలమానంతో ఈ కులాలను ఎంపిక చేశారో చూపించే ఆధారాలను ప్రభుత్వం కోర్టు ముందు పెట్టలేకపోయింది. ఆ జాబితాలో ఉన్న కులాలు వెనుకబడినవి కావని కోర్టు అనలేదు. వెనుకబాటును ఎలా నిర్ణయించారో చెప్పమంది. జవాబు లేకపోయింది.

నష్టం ఎవరికి జరిగిందో ఆలోచించండి. కోర్టుల్లో వాదనలు జరుగుతున్న ఆ సంవత్సరాల్లో కళాశాల గడప దగ్గర నిలబడిన పిల్లలకు జరిగింది.

1968లో ప్రభుత్వం వెనుకబడిన తరగతుల కమిషన్‌ను నియమించింది. అనంతరామన్ అధ్యక్షతన పనిచేసింది కనుక దాన్ని అనంతరామన్ కమిషన్ అంటారు. ఈ కమిషన్ ప్రశ్నావళి పంపింది, జిల్లాలు తిరిగింది, సంఘాల ప్రతినిధుల మాట విన్నది, జనం నివసించే చోట్లకు వెళ్ళి చూసింది. 1970లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1970 సెప్టెంబరు 23న ప్రభుత్వ ఉత్తర్వు నంబరు 1793 వెలువడింది. 92 కులాలను ఎ, బి, సి, డి అనే నాలుగు గ్రూపులుగా విభజించి, వరుసగా 7, 10, 1, 7 శాతం, అంటే మొత్తం 25 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దీన్నీ హైకోర్టు కొట్టివేసింది. కానీ 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి ఉత్తర్వును నిలబెట్టింది. కమిషన్ సేకరించిన సమాచారం ఈసారి జాబితాకు అండగా నిలిచింది.

రాష్ట్రం అదే, కోర్టు అదే, కులాల్లో చాలా వరకూ అవే. ఆఫీసు గదిలో తయారైన జాబితా పడిపోయింది. ఊళ్ళు తిరిగి, అడిగి, రాసుకుని చేసిన జాబితా నిలబడింది. జనం మాట వినడం మర్యాద కోసం మాత్రమే కాదు. జాబితాకు అదే పునాది.

3. మొదటి వరుసలో ఎన్ని పేర్లు!

ఆ ఉత్తర్వులో గ్రూపు-ఎ లో మొట్టమొదటి వరుస మత్స్యకారులదే. అగ్నికుల క్షత్రియ, పల్లి, వాడబలిజ, బెస్త, జాలరి, గంగవార్, గంగపుత్ర, గూండ్ల, వన్యకుల క్షత్రియ, పట్టపు మొదలైన పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో వాడబలిజలు, జాలర్లు. గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో అగ్నికుల క్షత్రియులు. నెల్లూరు వైపు పట్టపువారు. రాయలసీమ నదుల, చెరువుల దగ్గర బెస్తలు. తెలంగాణలో గంగపుత్రులు ఎక్కువగా కనిపిస్తారు.

ఇన్ని పేర్లను ఒకే వరుసలో ఎందుకు పెట్టాలి? ఒక ఊళ్ళో పల్లి అని పిలిపించుకునేవాళ్ళు మరో ఊళ్ళో అగ్నికుల క్షత్రియులమని చెప్పుకుంటారు. జాబితాలో ఒక్క పేరే ఉంటే రెండో పేరు రాసుకున్న కుటుంబం పిల్లవాడికి సర్టిఫికెట్ దొరకదు. ఏ ఊళ్ళో ఏ పేరు వాడుకలో ఉందో ఆ ఊరివాళ్ళు చెబితేనే తెలుస్తుంది. పర్యాయపదాలన్నీ చేర్చడం చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, ఒక్కో పేరు వెనుక కొన్ని వందల కుటుంబాల చదువు ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సముద్రం మీదికి వెళ్ళేవారి జీవితం వేరు, చెరువులో చేపలు పట్టేవారి జీవితం వేరు. తుపాను నష్టం, చేపల వేట నిషేధకాలం, ఒడ్డు కోతకు గురై ఇల్లు పోవడం, ఇవన్నీ తీరంవాళ్ళ కష్టాలు. ఒకే వరుసలో ఉన్నప్పుడు ఈ తేడాలు కనిపించవు. తమను షెడ్యూల్డు తెగల్లో చేర్చాలని తీరప్రాంత మత్స్యకారులు చాలా కాలంగా కోరడానికి ఈ అసంతృప్తి ఒక కారణం. వర్గీకరణలో కలపడమూ, విడదీయడమూ రెండూ అవసరమే. ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో ఆ బతుకు బతికేవాళ్ళను అడగాలి.

4. విచారణకు వచ్చేదెవరు?

కమిషన్ విచారణకు వస్తుందంటే సాధారణంగా ఎవరు ముందుకు వస్తారు? సంఘం అధ్యక్షుడు, మర పడవ యజమాని, నాలుగు అక్షరాలు చదువుకున్నవాడు. వాళ్ళు రావడం మంచిదే. కానీ ఆ పడవ మీద కూలికి వెళ్ళే కళాసీ, తలమీద గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మే స్త్రీ, చేపలు ఎండబెట్టే ముసలమ్మ రాలేరు. ఆ రోజు కూలి పోతుంది, లేదా విచారణ ఉందనే తెలియదు. సముదాయంలో బాగా ఉన్నవారి మాటే సముదాయం మొత్తం మాటగా నమోదైతే ఆ వర్గీకరణ సగమే నిజం. అందుకే మంచి విచారణ జిల్లా కేంద్రంతో ఆగదు, పేటలోకి వెళుతుంది. అక్కడి భాషలో అడుగుతుంది, స్త్రీలను విడిగా అడుగుతుంది.

5. తీరాన్ని వర్గీకరించినప్పుడు

మనుషులనే కాదు, వాళ్ళుండే నేలను కూడా వర్గీకరిస్తారు. 1991 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తీర క్రమబద్ధీకరణ మండలి ప్రకటన తెచ్చింది. ఆటుపోట్లలో నీరు చేరే గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల వరకు ఉన్న నేలను నాలుగు రకాలుగా విభజించి, ఎక్కడ ఏ నిర్మాణం చేయవచ్చో చెప్పింది. 2008లో దీని స్థానంలో కొత్త ముసాయిదా తేవాలని చూస్తే దేశవ్యాప్తంగా మత్స్యకారులు వ్యతిరేకించారు. 2009లో ఎం.ఎస్.స్వామినాథన్ అధ్యక్షతన నిపుణుల సంఘం నివేదిక ఇచ్చాక ఆ ముసాయిదాను వదిలేశారు. తర్వాత సంప్రదింపులు జరిపి 2011 జనవరిలో కొత్త ప్రకటన చేశారు.

ఆ సంప్రదింపుల ఫలితం 2011 ప్రకటనలో కనిపిస్తుంది. తీర పథకం పటాల్లో మత్స్యకార గ్రామాలను, వాళ్ళ ఉమ్మడి స్థలాలను, చేపలు ఎండబెట్టే చోట్లను గుర్తించాలన్నారు. మన రాష్ట్ర సరిహద్దుకు అవతల ఉన్న కోరంగి, తూర్పు గోదావరి, కృష్ణా ప్రాంతాలను సున్నితమైన తీరాలుగా పేర్కొని, తీరప్రజల భాగస్వామ్యంతో నిర్వహించాలన్నారు. వల ఆరేసుకునే ఇసుక మేర పటం గీసేవారి కంటికి ఖాళీ స్థలం. ఆ ఊరివాళ్ళకు అది పనిచేసే చోటు. చెబితే తప్ప పటంలోకి ఎక్కదు.

2019 ప్రకటనలో గ్రామీణ తీరాన్ని మళ్ళీ రెండుగా విభజించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉంటే ఒక రకం, లేకుంటే మరో రకం. మొదటి రకంలో నిర్మాణం లేని మేర 50 మీటర్లకు తగ్గుతుంది, రెండో రకంలో 200 మీటర్లు. ఒక్క అంకె ఒక ఊరి ఒడ్డును నిర్ణయిస్తోంది. అంకెలు అవసరమే, కాని ఆ అంకెను ఎన్నుకునేటప్పుడు ఒడ్డున ఉన్నవారి మాట కూడా కావాలి.

6. సరిహద్దులో మన సంగతి

ఇక మన జిల్లాకు వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, మిగిలిన ప్రాంతం మైసూరులో కలిసింది. బంధుత్వాలు మాత్రం రెండు వైపులా ఉండిపోయాయి. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ వేర్వేరు జాబితాలు తయారు చేసుకున్నాయి.

కర్ణాటకలో 1972లో నియమించిన ఎల్.జి.హావనూర్ కమిషన్ సర్వేలు, ప్రశ్నావళులు, సాక్ష్యాల ఆధారంగా 1975లో నివేదిక ఇచ్చింది. తర్వాత వెంకటస్వామి కమిషన్, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ న్యాయమూర్తిగా పనిచేసిన ఓ.చిన్నపరెడ్డి కమిషన్ పనిచేశాయి. ఇక్కడ బెస్త, అంబిగ, గంగమత, మొగవీర వంటి మత్స్యకార సముదాయాలు ప్రవర్గ-1 లో ఉన్నాయి. అంటే రాయదుర్గంలో ఉన్న బెస్త విద్యార్థి బి.సి.-ఎ, అతని మేనమామ కొడుకు కూరెకుప్పలో ఉంటే ప్రవర్గ-1.

కొన్ని చోట్ల తేడా ఇంకా పెద్దది. వాల్మీకి బోయలు ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-ఎ లో ఉన్నారు. కర్ణాటకలో నాయక, బేడ, వాల్మీకి పేర్లతో షెడ్యూల్డు తెగల్లో ఉన్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వాల్మీకి బోయలను ఎస్.టి.ల్లో చేర్చాలని తీర్మానించింది. అయితే తీర్మానం ఒక్కటే చాలదు, పార్లమెంటు చట్టం కావాలి.

అటు సర్టిఫికెట్ ఇటు చెల్లుతుందా? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం కారణంగా ముంబయికి వెళ్ళిన ఆ విద్యార్థి మహారాష్ట్రలో ఎస్.టి. కోటా కింద వైద్యవిద్య సీటు కోరారు. ఒక రాష్ట్రానికి సంబంధించి ఇచ్చిన హోదాను మరో రాష్ట్రంలో అడగలేరని కోర్టు చెప్పింది. వలస వచ్చిన కుటుంబాలు ఈ విషయాన్ని ముందుగానే తెలుసుకోవాలి. పదో తరగతి అయ్యాక తెలిస్తే ఆలస్యమైపోతుంది.

7. మనం చేయగలిగినవి

1992 ఇందిరా సహానీ తీర్పు తర్వాత రాష్ట్రాల్లో శాశ్వత వెనుకబడిన తరగతుల కమిషన్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1993 చట్టం, కర్ణాటకలో 1995 చట్టం ప్రకారం అవి ఏర్పడ్డాయి. జాబితాలో చేర్చమనే విన్నపాలను, తప్పుగా చేర్చారనే ఫిర్యాదులను అవి వినాలి. 2021లో 105వ రాజ్యాంగ సవరణ, రాష్ట్రాలు తమ సొంత జాబితా ఉంచుకునే అధికారాన్ని స్పష్టం చేసింది. కనుక మన మాట చెప్పుకోవడానికి తలుపు తెరిచే ఉంది.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు:

• పాఠశాల రిజిస్టరు, కుల సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఆధార్‌లలో ఇంటిపేరు, తండ్రి పేరు, అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. బడిలో చేర్పించేటప్పుడే కులం పేరు జాబితాలో ఉన్నట్టుగా రాయించండి.

• నాడకచేరిలో తీసుకున్న సర్టిఫికెట్ మీద ఉన్న ఆర్.డి. నంబరును విడిగా రాసి పెట్టుకోండి. ఉపకారవేతనం దరఖాస్తులో అది అడుగుతారు.

• రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. కేంద్ర విద్యాసంస్థలకు కేంద్ర నమూనాలో సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ, బి గ్రూపులు ఉండవు, క్రీమీలేయర్ నిబంధన ఉంటుంది.

• సర్వేకు ఇంటికి వచ్చినవారితో విసుక్కోకండి. కర్ణాటకలో 2015లో, మళ్ళీ 2025లో సామాజిక, విద్యా సర్వేలు జరిగాయి. కులం పేరు, పిల్లల చదువు, మధ్యలో బడి మానినవారి వివరాలు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చేసి చెప్పినా, సిగ్గుపడి దాచినా రేపటి జాబితాలో తప్పు చేరుతుంది.

• కమిషన్‌కు విన్నపం ఇస్తే ఆవేశంతో కాక ఆధారాలతో ఇవ్వండి: పేటలో ఎన్ని ఇళ్ళు, పదో తరగతి దాటినవారు ఎందరు, ఆడపిల్లలు ఎందరు, ఉద్యోగస్థులు ఎందరు. ఈ లెక్క మన పిల్లలే ఒక సెలవు రోజున తీయగలరు.

1968లో కోర్టు అడిగిన ప్రశ్న 'ఆధారం ఏది?' అని. ఆ ఆధారం ప్రతి ఇంటిలోనూ ఉంది. దాన్ని రాసి పెట్టగల చదువు ఇప్పుడు మన పిల్లలకు ఉంది.

అభ్యాసం

1. 1966 జాబితాను కోర్టు ఎందుకు అంగీకరించలేదు? 1970 జాబితా ఎందుకు నిలిచింది?

2. ఒకే కులానికి ఉన్న వేర్వేరు పేర్లను జాబితాలో చేర్చకపోతే ఏమవుతుంది? మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

3. తీరాన్ని వర్గీకరించేటప్పుడు మత్స్యకార స్త్రీలను విడిగా అడిగితే కొత్తగా ఏ సంగతులు తెలుస్తాయి?

4. మీ వీధిలో పదో తరగతి దాటినవారి లెక్క తీసి, పెద్దల సహాయంతో ఒక పేజీ విన్నపం రాయండి.