మంచుకొండల మొక్కలు: సందేహాలు - సమాధానాలు

సందేహం: మా పెరట్లో బ్రహ్మకమలం మొన్న ఒకే రాత్రి గుత్తులు గుత్తులుగా పూసింది. చుట్టుపక్కలవాళ్లంతా వచ్చి దండం పెట్టుకుని వెళ్లారు. హిమాలయాల్లో పూసే పువ్వు గోదావరి ఒడ్డున ఇంత వేడికి ఎలా తట్టుకుంటోందండీ?
- ఒక గృహిణి, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మీ పెరట్లోది హిమాలయాల మొక్క కాదు. దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన ఎపిఫిల్లమ్ అనే కాక్టస్. వెచ్చదనం దానికి పుట్టింటి సొత్తు, మంచు కురిస్తే మాత్రం బతకదు. పూజకు ఏ పువ్వయినా పువ్వే కాబట్టి మీరు చేసినదానిలో లోటేమీ లేదు.

హిమాలయాల బ్రహ్మకమలం చామంతి కుటుంబంలోది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. సుమారు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తున, వానాకాలంలో పూస్తుంది. ఫొటోల్లో మనం రేకులనుకునేవి నిజానికి కాగితంలా పలచబడ్డ ఆకులు. అసలు పూలు ఊదారంగులో, చిన్నచిన్నవిగా వాటి చాటున ఉంటాయి. ఇలాంటి ఆకుల ఉపయోగమేమిటో తెలియాలంటే సిక్కిం, భూటాన్ కొండల్లో 4,000 మీటర్లకు పైన పెరిగే రియమ్ నోబిలే అనే మొక్కను చూడాలి. మన చుక్కకూర కుటుంబమే. దాని కాడ కూడా పుల్లగా ఉంటుంది, అక్కడివాళ్లు తింటారు. చుట్టూ మొక్కలన్నీ నేలకు కరుచుకుని ఉంటే ఇదొక్కటీ మనిషంత ఎత్తు నిలబడుతుంది. పూలగుత్తిని పైనుంచి కింది దాకా కప్పే లేతపసుపు ఆకులు వెలుతురును లోపలికి రానిస్తాయి, అతినీలలోహిత కిరణాలను ఆపేస్తాయి. ఎండ కాసినప్పుడు లోపల బయటి గాలికన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. పుప్పొడి వానకు తడవదు, చిన్న ఈగలు లోపల తలదాచుకుని పరాగసంపర్కం చేస్తాయి. ఆ ఆకులను తుంచేసి చూసిన పరిశోధకులకు విత్తనాలు తక్కువగా కనిపించాయి. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత వేరు, ఆ పువ్వు లోపలి ఉష్ణోగ్రత వేరు. కొండమొక్కల గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడాను మరవకూడదు.

సందేహం: ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు నల్లబడిపోతుంది. మైనస్ డిగ్రీల్లో మొక్కలోని నీరంతా గడ్డకడితే కణాలు పగిలిపోవాలి కదా? మరి కొండమొక్కలు చావవెందుకు?
- డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

సమాధానం: అరటి ఉష్ణమండలపు పంట. సుమారు 13 డిగ్రీల కిందికి దిగితేనే దానికి నష్టం మొదలవుతుంది, గడ్డకట్టేదాకా అక్కర్లేదు. కొండమొక్క దారి వేరు. చలి మెల్లగా పెరిగితే మంచు ముందు కణాల మధ్య ఉండే ఖాళీల్లో ఏర్పడుతుంది, కణాల లోపల కాదు. ఆ మంచు కణంలోని నీటిని బయటికి లాగుతుంది. లోపల మిగిలిన ద్రవం చక్కెరలతో చిక్కబడి, గడ్డకట్టే స్థాయి ఇంకా కిందికి జారుతుంది. అంటే మొక్కకు అసలు ప్రమాదం నీరు కోల్పోవడం. గడ్డకట్టే చలిలో ఉన్న కణం ఒక రకంగా కరువులో ఉన్నట్టే. ఎండిపోతున్న కణం పొర చీలకుండా ఉండాలి, లోపలి ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుపోకూడదు. పొరలోని కొవ్వుల తీరు మార్చుకోవడం, చక్కెరలు, డీహైడ్రిన్లనే ప్రోటీన్లు కూడబెట్టుకోవడం అందుకే.

ఈ సన్నాహం రాత్రికి రాత్రి జరిగేది కాదు. శరత్తులో పగళ్లు కురచబడి, 0 నుంచి 5 డిగ్రీల చలి రోజుల తరబడి తగిలాకే మొక్క రాటుదేలుతుంది. అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో చలి తగిలిన 15 నిమిషాల్లోనే సీబీఎఫ్ జన్యువులు మేల్కొంటాయి, కానీ పూర్తి కవచం సిద్ధమవడానికి రోజులు, వారాలు పడుతుంది. జపాన్ శాస్త్రవేత్త అకీరా సకాయ్ చలికాలంలో కోసిన విల్లో కొమ్మలను ముందు మెల్లగా గడ్డకట్టించి, ఆ తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచారు. బయటికి తీశాక అవి బతికే ఉన్నాయి. 1960లో ఆ ఫలితం ప్రకటించారు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే ప్రయోగం అది. అదే విల్లో కొమ్మను ఎండాకాలంలో కోస్తే సున్నాకు కొద్ది డిగ్రీల కిందే చచ్చిపోతుంది. కొమ్మ మారలేదు, కాలం మారింది. అందుకే ‘ఈ మొక్క ఎంత చలికి తట్టుకుంటుంది?’ అని అడిగినవారిని ‘ఏ నెలలో?’ అని తిరిగి అడగాల్సి వస్తుంది.

సందేహం: జనవరిలో సిక్కిం వెళ్లాం. పొద్దున్నే చూస్తే రోడోడెండ్రాన్ ఆకులన్నీ చుట్టలు చుట్టుకుని వేలాడుతున్నాయి. ఏదైనా తెగులా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

సమాధానం: తెగులు కాదండీ. ఆ జాతిలో చాలా మొక్కలకు అది అలవాటు. చలి సున్నా దాటి కిందికి దిగేకొద్దీ ఆకు వాలి, గొట్టంలా చుట్టుకుంటుంది. వెచ్చబడగానే విచ్చుకుంటుంది. గడ్డకట్టిన ఆకు మీద తీవ్రమైన ఎండ పడితే లోపలి పత్రహరితానికి హాని. చుట్టుకుని వేలాడే ఆకు మీద ఎండ తక్కువ పడుతుంది, మంచు కూడా మెల్లగా కరుగుతుంది. మధ్యాహ్నం మరోసారి చూసి ఉంటే మీ బెంగ అక్కడే తీరిపోయేది.

సందేహం: ఇక్కడ కొండల మీద మంచు ముందే కరుగుతోందంటున్నారు. చలి తగ్గితే పూలు ఎక్కువ పూయాలి కదా, తగ్గాయని చెబుతారేం?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డెన్వర్, కొలరాడో

సమాధానం: మీకు దగ్గర్లోనే జవాబుంది. అదే కొలరాడోలో గోథిక్ అనే చోట, సుమారు 2,900 మీటర్ల ఎత్తున, రాకీ మౌంటెన్ బయలాజికల్ లేబొరేటరీ ఉంది. డేవిడ్ ఇనౌయే అక్కడ దశాబ్దాలుగా పూలను లెక్కపెడుతూ వచ్చారు. మంచు కరగడమే ఆ మొక్కలకు చిగురు వేయమన్న పిలుపు. అది ముందుకు జరిగింది, కానీ జూన్‌లో మొగ్గలను కాల్చేసే రాత్రి చలి ఇంకా పోలేదు. ఆస్పెన్ సన్‌ఫ్లవర్ అనే పసుపు పూల మొక్కలో 1992-98 మధ్య ఏటా సగటున 36 శాతం మొగ్గలు చలికి మాడిపోయేవి. 1999-2006 మధ్య అది 74 శాతమైంది. వాతావరణం వేడెక్కుతుంటే చలి దెబ్బ పెరిగిందన్నమాట.

మరో సంగతి. మందంగా పేరుకున్న మంచు మొక్కకు దుప్పటి. బయట మైనస్ 20 ఉన్నా దాని కింద నేల సున్నా దగ్గరే ఉంటుంది. ఆ దుప్పటి పలచబడితే వేర్లకు చలి తగులుతుంది. యూరప్‌లో 302 శిఖరాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో కింది ఎత్తుల మొక్కలు పైకి ఎగబాకే వేగం పెరుగుతోందని తేలింది. శిఖరం మీద పూల రకాలు పెరగడం చూసి సంతోషించలేం. కొత్తగా వచ్చినవి ఎత్తుగా పెరిగి నీడ కమ్మితే, అక్కడ ముందునుంచీ ఉన్న చిన్న మొక్కలకు ఇంకా పైకి వెళ్లడానికి కొండ మిగలదు.

సందేహం: చలి బాగా ఉంటుందని నాలుగేళ్ల కిందట యాపిల్ అంట్లు పెట్టాను. ఆకు దండిగా ఉంది, పూత మాత్రం అక్కడక్కడే. ఏం చేయమంటారు?
- రైతు, చింతపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లా

సమాధానం: రాత్రి ఎంత చలి పడిందన్నది ఒక్కటే చాలదు, ఎన్ని గంటలు పడిందో చూడాలి. యాపిల్ మొగ్గ నిద్ర వదలాలంటే సుమారు 7 డిగ్రీల లోపు చలి చాలా గంటలు సోకాలి. డెలీషియస్ రకాలకు వెయ్యి గంటలకు పైగా అవసరం. మీ దగ్గర తెల్లవారుజాము వణికించినా మధ్యాహ్నం ఎండ ఎక్కుతుంది, ఆ వేడి రాత్రి సంపాదించిన చలిని కొంత తుడిచేస్తుంది. హిమాచల్‌లోనే కింది తోటలు దెబ్బతిని, సాగు కిన్నౌర్, లాహౌల్ వైపు ఎత్తుకు జరుగుతోంది.

ముందు మీ అంట్లు ఏ రకమో తెలుసుకోండి. డెలీషియస్ అయితే ఎరువు ఎంత వేసినా ఫలితం ఉండదు. తక్కువ చలితో సరిపెట్టుకునే అన్నా, డోర్సెట్ గోల్డెన్, హిమాచల్‌లోని బిలాస్‌పూర్‌లో పుట్టిన హెచ్ఆర్ఎంఎన్-99 లాంటివి మీకు నయం. అన్నా పెడితే పక్కన డోర్సెట్ గోల్డెన్ కూడా ఉండాలి, ఒకదాని పుప్పొడి మరొకదానికి కావాలి. ఇండోనేషియాలోని బటు కొండల్లో రైతులు కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసేసి, చలితో పనిలేకుండానే కొత్త పూత తెప్పిస్తారు. మీరూ ఒకటి రెండు చెట్ల మీద చేసి చూడండి. తోటంతా ఒకేసారి మాత్రం దూయకండి.