పడుకునే ముందు పళ్ళు తోముకుందాం

మన హాస్టళ్ళలో పొద్దున గంట కొట్టగానే నల్లాల దగ్గర వరుస కడతాం. వెనుకవాడు తొందరపెడుతుంటే అర నిమిషంలో పళ్ళు తోమేసుకుంటాం. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మాత్రం నల్లా దగ్గర ఒక్కరూ ఉండరు. ట్రంకు పెట్టెలో దాచుకున్న బిస్కెట్ ప్యాకెట్ విప్పి నలుగురం పంచుకుని, అలాగే దుప్పటి కప్పుకుంటాం. మన పళ్ళు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

నోటిలో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. పళ్ళకు అంటుకున్న చక్కెరను, పిండి పదార్థాన్ని ఇవి ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ 5.5 కన్నా తగ్గితే పన్ను పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. అందుకు అరగంటైనా పడుతుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కనుక రాత్రి తిన్న బిస్కెట్ చాలాసేపు తన పని చేస్తూనే ఉంటుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. పాతబస్తీలో ఉంటూ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మానమంటే ఎవరు వింటారు? మేమూ వినం. తినేదేదో ఒక్కసారి తిని, నీళ్ళు పుక్కిలిస్తే చాలు.

చాలా ఇళ్ళలో పెద్దలకు కూడా తెలియని సంగతి ఒకటుంది. సుమారు 6 ఏళ్ళప్పుడు పాలపళ్ళ వెనుక ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. నిజానికి అది శాశ్వత దంతం, పోతే మళ్ళీ రాదు. మూడో తరగతిలో చేరే తమ్ముళ్ళకు అది అప్పటికే వచ్చేసి ఉంటుంది. మాలో ఒకరికి పదో తరగతి పరీక్షల ముందు ఆ పన్నే పోటెత్తింది. అంతకుముందు నల్లచుక్క కనిపించినా, చల్లనీళ్ళకు జివ్వుమన్నా పట్టించుకోలేదు. లవంగం నొక్కిపెట్టుకుని నాలుగు రాత్రులు చదివాడు. ఆఖరికి పన్ను తీయించుకోక తప్పలేదు. చుక్కగా ఉన్నప్పుడే వెళ్తే చిన్న ఫిల్లింగుతో పోయేది. చార్మినార్ వైపు నుంచి నయాపుల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. నొప్పి లేకపోయినా చూపించుకోవచ్చు.

కాస్మెటిక్ ఛార్జీల డబ్బుతో పేస్టు కొనేటప్పుడు ఫ్లోరైడ్ ఉందో లేదో అట్టమీద చదవండి. బఠాణీ గింజంత చాలు. మెత్తటి బ్రష్‌తో రెండు నిమిషాలు తోమి, నురుగు ఉమ్మేయండి, మింగకండి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని తోమడం ఆపకూడదు. పాచి పేరుకుంటే చిగుళ్ళు ఇంకా వాస్తాయి. బొగ్గు, ఇటుక పొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్ళపొడులనూ, పేస్టులనూ ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఇప్పటికీ ఎవరైనా ఇస్తే వద్దనండి.

నల్లగొండ వైపు నుంచి వచ్చిన కొందరు మిత్రుల పళ్ళపై గోధుమరంగు చారలుంటాయి. తోముకోడని ఎగతాళి చేస్తాం. అది మన అజ్ఞానం. పళ్ళు తయారయ్యే పసివయసులో, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీళ్ళు తాగడం వల్ల వచ్చిన మరకలవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే చేటే. ఎంత తోమినా ఆ మరకలు పోవు. ఆ నవ్వులకు భయపడి నోటికి చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళను మేము చూశాం.

ఇక క్రికెట్ సంగతి. బంతి తగిలి శాశ్వత దంతం ఊడిపడితే పారేయకండి. వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. మట్టి అంటితే నీళ్ళతో ఒక్కసారి కడగండి, రుద్దకండి. పాలలో వేసుకుని వీలైతే అరగంటలోపు దంత వైద్యుడి దగ్గరకు పరుగెత్తండి. తిరిగి అతికే అవకాశం ఉంది. ఆ వేళలో పాలెందుకని వంటమాస్టర్ కసురుకుంటే, గుప్పిట్లోని పన్ను చూపించండి.