దాంపత్య సుఖం - పురుషుని మేధాశక్తి

మన గృహాలలో నలుగురి మధ్య చర్చింపబడకపోయినను, వైద్యుని గదిలో తలుపు మూసిన తరువాత తప్పక వెలువడే ప్రశ్న ఒకటి ఉన్నది. వీర్యం నష్టమైనకొద్దీ మెదడు బలహీనపడునా అని వివాహం కావలసిన యువకులు అడుగుతారు, ఏబది దాటిన గృహస్థులూ అడుగుతారు. నూరు రక్తబిందువులు కలిసి ఒక వీర్యబిందువు అగునన్న మాట తరతరాలుగా మన చెవిని పడుతున్నదే. ఆ మాట వలన పుట్టిన భయం మనస్సుకు చేసిన చెరుపు, వీర్యనష్టం ఎన్నడూ చేయలేదని నా అనుభవం.

కొంతకాలం క్రిందట ఒక ఉపాధ్యాయుడు భార్యాసమేతంగా నా వద్దకు వచ్చినారు. ఆయన వయస్సు 54 సంవత్సరాలు. శిష్యుల పేర్లు నోటికి రావడం లేదు, కళ్లజోడు ఎక్కడ పెట్టినదీ గుర్తుండడం లేదు. ఓజస్సును కాపాడుకొనుటకై ఏడాదిన్నరగా పడక వసారాలోకి మార్చుకొన్నానని, అయినను గుణం కనిపించలేదని చెప్పినారు. ఆయన రక్తపరీక్షకై లేచి వెళ్లినప్పుడు ఆ ఇల్లాలు తల వంచుకొని, "నేను చేసిన తప్పేమిటో చెప్పకుండానే మంచం బయట వేయించుకొన్నారండీ" అన్నారు.

శాస్త్రం ఇట్లు చేయుమని చెప్పినదా? శుక్రం సప్తధాతువులలో కడపటిదనియు, అతివ్యవాయం హానికరమనియు ఆయుర్వేదం చెప్పిన మాట నిజమే. అయితే దేహాన్ని నిలబెట్టే మూడు స్తంభాలను పేర్కొనుచు వాగ్భటుడు ఆహారం, నిద్రలతో పాటు నియమబద్ధమైన దాంపత్యాన్ని కూడ చేర్చినాడు. హేమంత, శిశిర ఋతువులలో యథేచ్ఛగా, వసంత, శరత్తులలో మూడు దినాలకొకసారి, గ్రీష్మ, వర్ష ఋతువులలో పక్షానికొకసారి అని అష్టాంగహృదయంలో విధించినాడు. ఈ విషయంలో మితం పాటించువారికి స్మృతి, మేధ, ఆయువు వృద్ధి చెందునని, వార్ధక్యం ఆలస్యంగా వచ్చునని అక్కడే చెప్పినాడు. స్మృతిని, మేధను ప్రత్యేకంగా పేర్కొన్నాడని గమనింపవలెను. అతిగా ప్రవర్తించినచో తలతిరుగుడు, నీరసం కలుగునని హెచ్చరించినాడు. మితమన్నాడే గాని, భయపడి వసారాలో పడుకొమ్మనలేదు.

ఆధునికులు చెప్పునది కూడ దీనికి దూరంగా లేదు. దంపతుల కలయికలో మెదడు అడుగుభాగాన ఉన్న పీయూషగ్రంథి నుండి ఆక్సిటోసిన్ అనే స్రావం వెలువడుతుంది. అది ఆప్యాయతను పెంచుతుంది. తరువాత ప్రోలాక్టిన్ పెరిగి తృప్తి, విశ్రాంతి కలుగుతాయి. పలువురికి గాఢనిద్ర పడుతుంది. ఆనాటి జ్ఞాపకాలు మెదడులో స్థిరపడేది నిద్రలోనే గదా! అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు 2010లో మగ ఎలుకలపై చేసిన పరిశోధనలో, 14 దినాలు వరుసగా ఆడ ఎలుకల సాంగత్యం లభించిన వాటి మెదడులో, జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ భాగాన, కొత్త నాడీకణాలు అధికంగా ఏర్పడినట్లు తేలినది. ఎలుక మనిషి కాదు, నిజమే. మనుషుల విషయానికి వస్తే, ఇంగ్లండులో 50 నుండి 89 ఏళ్ల వయస్సుగల 6,833 మంది వివరాలను కోవెంట్రీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2016లో ప్రకటించినారు. దాంపత్య జీవితం కొనసాగించుచున్న పురుషులు పదాలను జ్ఞప్తికి తెచ్చుకొనుటలోను, అంకెల వరుసలు పూరించుటలోను మెరుగుగా ఉన్నారు. కలయిక వలన మెదడు బాగున్నదా, మెదడు బాగున్నందున కోరిక నిలిచినదా అన్నది ఈ పరిశీలన తేల్చజాలదు. రెండూ నిజమేనని నేననుకొంటున్నాను. అవివాహితులు, భార్యను కోల్పోయినవారు ఇది చదివి బెంగపడనక్కరలేదు. చదువు, నడక, స్నేహితులతో కాలక్షేపం మెదడుకు చేసే మేలు తక్కువది కాదు.

ఇక మన ఉపాధ్యాయుని సంగతి. మరునాడు ఆయన ఒంటరిగా వచ్చి అసలు విషయం బయటపెట్టినారు. పడక మార్చుటకు ముందే ఆయనకు సామర్థ్యం సన్నగిల్లినది. భార్య యెదుట చిన్నబోవుట ఇష్టం లేక ఓజస్సు పేరు చెప్పినారు. ఈలోగా రక్తపరీక్ష ఫలితం వచ్చినది. చక్కెర చాలా ఎక్కువగా ఉన్నది. ఆయనకు మధుమేహం ఉన్నట్లు అంతవరకు తెలియనే తెలియదు!

ఇది ప్రతి గృహస్థుడు తెలుసుకోదగిన విషయం. పురుషాంగానికి రక్తాన్ని చేర్చే ధమనుల వ్యాసం ఒకటి రెండు మిల్లీమీటర్లే. గుండె ధమనులది మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. మధుమేహం, రక్తపోటు, పొగత్రాగుట వలన నాళాలు చెడినప్పుడు సన్నని వాటిలోనే లోపం ముందుగా బయటపడుతుంది. గుండెపోటు, పక్షవాతం రావడానికి కొన్నేళ్లు ముందే ఈ సూచన కనిపించవచ్చును. మెదడును పోషించేదీ రక్తనాళాలే గదా. కనుక సామర్థ్యం తగ్గినదని సిగ్గుపడి దాచుట కంటె, చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకొనుట మేలు. అట్లు కాక, పేరూ ఊరూ లేని చూర్ణాలు తెప్పించుకొనువారు జాగ్రత్త వహించవలెను. కొన్నింటిలో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందు రహస్యంగా కలుపుతారు. గుండెజబ్బుకు నైట్రేట్ మాత్రలు వాడువారికి అది ప్రాణాపాయం.

వంటింట్లో లభించు వాజీకరణాలు లేకపోలేదు. మినుములను నేతిలో వేయించి పాలలో మెత్తగా ఉడికించి, చక్కెర చేర్చి చలికాలంలో తినుట ప్రాచీనమైన యోగం. మధుమేహులు చక్కెర మానవలెను. జీర్ణశక్తి తక్కువవారు అల్పంగా తీసుకొనవలెను. దూలగొండి విత్తనాలను గూర్చి పలువురు అడుగుతారు. వీటిలో లెవోడోపా అనే పదార్థం సహజంగా ఉన్నది. కంపవాతానికి ఆధునికులు ఇచ్చే మందు కూడ ఇదే. నేరుగా మెదడుపై పనిచేసేది గనుక, కంపవాతానికి గాని మానసిక వ్యాధులకు గాని మందులు వాడువారు వైద్యుని అనుమతి లేకుండ దీనిని ముట్టరాదు. వీటన్నిటికంటె ముందు చరకుని మాట ఒకటి తలచుకొనవలెను. వృష్యాలలో శ్రేష్ఠమైనది సంకల్పమని, అవృష్యాలలో మొదటిది దౌర్మనస్యమని ఆయన నిర్ణయించినాడు. మనస్సు కలత చెంది ఉన్నవానికి ఎన్ని లేహ్యాలు పెట్టిననూ ఫలితం స్వల్పమే.

ఉపాధ్యాయునికి మధుమేహానికి మాత్రలు వ్రాయించి, ఉదయం 40 నిమిషాలు నడవమని, పొడిచుట్ట మానమని చెప్పినాను. భార్యకు దాచకుండ చెప్పుట ఆయనకు అన్నిటికంటె కష్టమైన పథ్యం అయినది. ఆరు మాసాల తరువాత ఇద్దరూ మరల వచ్చినారు. చక్కెర అదుపులోకి వచ్చినది. శిష్యుల పేర్లు చాలావరకు జ్ఞప్తికి వస్తున్నవట. కళ్లజోడు మాత్రం ఇప్పటికీ వెదకుచునే ఉన్నారని ఆ ఇల్లాలు నవ్వుచు చెప్పినారు. మంచం లోపలికి వచ్చినదా అని నేను అడుగలేదు. వసారాలో ఇప్పుడు వడ్ల బస్తాలు వేసుకొంటున్నామని ఆమెయే అన్నారు.