ఇంగితము, వ్యవహార మర్యాద

పెద్దలు పిల్లలను మందలించునప్పుడు "నీకు ఇంగితజ్ఞానము లేదా?" యని యడుగుట మనమందఱము వినినదే. ఆ మాట యర్థమును తఱచి చూచినవారు మాత్రము కొందఱే. ఇంగితమనగా మనసులోని భావమును బయటపెట్టు అవయవముల కదలిక. కన్ను, కనుబొమ, తల, చేయి, అడుగు, ఇవి యన్నియు నోటికంటె ముందుగా పలుకును. వాని పలుకును తెలిసికొని దానికి తగినట్లు నడచుకొనువాడే ఇంగితజ్ఞుడు. ఈ తెలివికిని మర్యాదకును మన భాష ఒక్కటే పేరు పెట్టినది. ఆ పేరు పెట్టినవారు మంచి లోకజ్ఞులై యుండవలెనని మాకు తోచుచున్నది.

అయితే ఈ చదువునకు అక్షరములు దేశదేశమునకును వేఱు. మన పలుకుబడులనే చూడుడు. ఆశ్చర్యపడినవాడు ముక్కున వ్రేలు వేసికొనును. నచ్చనివాడు పెదవి విఱుచును. చేతకానివాడు చేతులెత్తివేయును. ఇచ్చెదనని చెప్పి యీయనివాడు మొండిచేయి చూపును. ముక్కున వ్రేలు వేసికొనిన యిల్లాలిని చూచి ఆమె ఆశ్చర్యపడినదని తెలుగు పసివాడు గ్రహించును. ఇంగ్లండునుండి వచ్చిన పండితుడు ఆమెకు జలుబు చేసినదేమో యనుకొనవచ్చును.

అన్నిటికంటె చిక్కైనది తల. నందికేశ్వరుని అభినయదర్పణమున తల కదలికలు 9 విధములుగా చెప్పబడినవి. వానిలో కుడియెడమలకు త్రిప్పునది ధుతము. కాదనుటకు దానిని వాడుదురు. కాని మనము దినమునకు నూఱుమాఱులు చేయునది వేఱొకటి కలదు. అది తలను ఒక భుజమువైపునకు, మఱల రెండవ భుజమువైపునకు మెల్లగా వాల్చి యూపుట. దీని కర్థమేమి? సరే, వినుచున్నాను, అట్లే కానిండు, చూతము, మీరు పెద్దలు గనుక కాదనలేను. వీనిలో ఏదైనను కావచ్చును. ఏది యైనదో ముఖమును, సందర్భమును, చెప్పినవాని వయస్సును బట్టి మనము క్షణములో తెలిసికొందుము. తెలియక తలయూపువానిని గంగిరెద్దుతో పోల్చి నవ్వుదుము. పరదేశీయునికి మాత్రము ఈ యూపు "కాదు" అన్నట్లో, "ఏమో" అన్నట్లో తోచును. మనవలెనే ఇతరులును చిక్కు కలిగించువారే. బల్గేరియా దేశమున క్రిందికి పైకి తలయూపిన కాదని, ప్రక్కలకు ఊపిన ఔనని భావము. గ్రీసు దేశమున తలను వెనుకకు ఎగురవైచిన కాదని చెప్పుట.

ఇది నవ్వుకొని విడుచు సంగతి యైనచో ఈ సంచికలో వ్రాసియుండము. మనది బొగ్గుబాయిల సీమ. 1871లో విలియము కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనిన నాటినుండి ఈ పనిలో పలు దేశములవారు, పలు భాషలవారు కలసియే యున్నారు. సింగరేణి కంపెనీ 1920లో ఆ పేరు దాల్చుటకు పూర్వము గనులను నడపినది ఇంగ్లండులో నమోదైన కంపెనీ. మన గోదావరిఖనిలో జి.డి.కె. 10వ గనియందు 1989లో ఫ్రెంచివారి సాంకేతిక సహాయముతో బ్లాస్టింగు గ్యాలరీ పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2014లో అడ్రియాలయందు నెలకొల్పిన లాంగువాలు యంత్రసామగ్రి జర్మనీనుండి వచ్చినది. రామగుండపు విద్యుత్కేంద్రములో 1983లో మొదటి యూనిట్టు పనిచేయ నారంభించినది. అక్కడ భారతదేశపు నలుమూలలవారును కొలువు చేయుచున్నారు. విదేశపు ఇంజనీరు ఒకడు "కప్పునకు ఆధారములన్నియు నిలిపితిరా?" యని యడిగెననుకొనుడు. మన కార్మికుడు "వింటినయ్యా" అను భావముతో తలయూపును. అతడు "నిలిపితిమి" అని గ్రహించిన యెడల ఏమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

గనులవారు ఈ యాపదను చాల కాలము క్రిందటనే గుర్తించి, సంజ్ఞలను వాడుకకు విడువక శాసనముగా వ్రాసికొనిరి. పంజరమువంటి బోనులో మనుష్యులను దింపు నిలువుగనుల గంటలను గూర్చి 1957 నాటి భారత బొగ్గుగనుల నిబంధనలు చెప్పినది చూడుడు. యంత్రము నిలిచియున్నప్పుడు గంట ఒక దెబ్బ మ్రోగిన పైకి లాగుమని యర్థము. యంత్రము కదలుచున్నప్పుడు అదే యొక దెబ్బ మ్రోగిన ఆపుమని యర్థము. రెండు దెబ్బలు మ్రోగిన క్రిందికి దింపవలెను. మూడు దెబ్బలు మనుష్యులు ఎక్కనున్నారని తెలుపును. కాని మూడు కొట్టినంత మాత్రమున ఎవ్వరును బోనులో అడుగిడరాదు. అవతలినుండి మఱల మూడు దెబ్బలు బదులుగా వినవచ్చిన తరువాతనే ఎక్కవలెను. మా దృష్టిలో ఈ బదులు దెబ్బలే ఆ నిబంధనలోని ప్రాణము. ఒక్క దెబ్బకు సందర్భమును బట్టి రెండర్థములున్నను కీడు కలుగకుండుటకు కారణము, ఇరువైపులవారును ఒక్క పాఠమునే చదివియుండుట. ఆఫీసులలోను, అంగళ్లలోను అట్టి పాఠము ఎవరును వ్రాసిపెట్టలేదు. అక్కడ బదులు దెబ్బను మనమే నోటితో కొట్టవలెను. "నిలిపితిమి", "ఇంకను నిలుపలేదు" అని తలతోపాటు మాటయు రావలెను. అడుగువాడును "ఔనా, కాదా" యని యడుగుటకంటె "ఎన్ని నిలిపితిరి?" యని యడుగుట మేలు, సంఖ్యను తలయూపి చెప్పుట సాధ్యము కాదు గదా!

చూపును గూర్చి గనిలోనే మఱియొక వింత కలదు. కార్మికుని టోపీకి దీపముండును. ఎదుటివానివైపు సూటిగా చూచి మాటాడిన వెలుగు వాని కన్నులలో పడి వానికి చీకట్లు క్రమ్మును. కావున మర్యాద తెలిసిన పనివాడు ముఖమును కొంచెము ప్రక్కకు త్రిప్పి మాటాడును. మన యిండ్లలోను పెద్దల యెదుట చిన్నవారు కన్నులు దించుకొని నిలుచుట వినయము. ఇట్టి యింట పెరిగిన బాలుడు పట్టణమునకు పోయి, పెద్ద కంపెనీవారి యెదుట కొలువు పరీక్షకు కూర్చుండును. అడుగువారు ఐరోపా, అమెరికా పద్ధతులకు అలవాటుపడినవారైనచో, దించిన కన్నులు చూచి వీనికి ధైర్యము లేదనియో, ఏదో దాచుచున్నాడనియో తలంతురు. బాలుని తప్పేమియు లేదు. అడుగువారిదియు తప్పని చెప్పజాలము. తెలియనిచో నష్టము మాత్రము బాలునిదే. తల్లిదండ్రులు ఈ సంగతిని ముందుగా చెప్పియుంచవలెను. ఇంట కన్నులు దించు అలవాటును మాన్పించనక్కఱలేదు. కొలువు పరీక్షలో జవాబు చెప్పునంతసేపు అడిగినవారి ముఖమును చూచుట నేర్పిన చాలును.

చేతుల సంగతులు విస్తారముగా నున్నవి. కొన్నింటినే ముట్టి విడిచెదము. బొటనవ్రేలిని చూపుడువ్రేలితో వలయముగా చేర్చిన, అమెరికాలో బాగున్నదని, జపానులో ధనమని, ఫ్రాన్సులో తఱచుగా సున్న యని, అనగా పనికిరానిదని భావము. జపానువారు తమ పేరు చీటిని రెండు చేతులతో నిచ్చి, రెండు చేతులతో పుచ్చుకొని, చదివి మఱి దాచుకొందురు. ఇది మనము పెద్దలకు తాంబూలమిచ్చు తీరునకు దగ్గఱగా నున్నది. ఇంగ్లీషువారి బల్లకడ ప్రక్కవాడు ఉప్పు అందీయుమనిన అందించుట మర్యాద. మన పెద్దమ్మలు ఉప్పును చేతికీయరు, క్రింద పెట్టుదురు. ఆ దొర దానిని చూచి తనను అంటరానని యనుకొనుచున్నారని నొచ్చుకొనిన, ఆశ్చర్యపడరాదు.

వ్యాపారమున చేతుల భాష మిక్కిలి నిపుణముగా సాగునది పశువుల సంతలో. దళారి తుండుగుడ్డ చాటున కొనువాని వ్రేళ్లు పట్టి ధర తెలుపును. చుట్టును పదిమంది నిలిచియున్నను ఒకరికిని తెలియదు. పట్టిన వ్రేలు వందయో వేయియో పశువును బట్టి ఇరువురును ముందే యెఱిగియుందురు. బహ్రెయిను, కువైటు దేశముల ముత్యపు వర్తకులును ఒకప్పుడు ఇట్లే గుడ్డ చాటున వ్రేళ్లు నొక్కి బేరము చేయుచుండిరి. సముద్రము దాటినను ఈ పద్ధతి యొక్కటియే యగుట చూడ ముచ్చటగా నున్నది.

గల్ఫు దేశములు మన జిల్లాకు దూరమైనవి కావు. 2016లో పెద్దపల్లి జిల్లా యేర్పడకముందు మనమున్న పాత కరీంనగరు జిల్లానుండి ఎందఱో అచ్చటికి పోయి కష్టించి యిండ్లు నిలిపిరి. మన విద్యార్థులలో పలువురకు అక్కడ తండ్రులో, మేనమామలో, అన్నలో ఉన్నారు. వారు సెలవులకు వచ్చినప్పుడు జీతముల సంగతి అడుగువారే గాని మర్యాదల సంగతి అడుగువారు తక్కువ. అడిగిన చెప్పుదురు: ఎదుటివానికి అరికాలు కనబడునట్లు కాలుమీద కాలు వేసికొని కూర్చుండుట అవమానమనియు, ఎడమచేత నేదియు ఈయరాదనియు. ఈ రెండవది మనకు క్రొత్తది కాదు. అరబ్బుల కాఫీ మర్యాద మాత్రము నేర్చుకొనవలసినదే. 2015లో యునెస్కోవారు దానిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. అతిథి పిడి లేని చిన్న గిన్నెను కుడిచేత పుచ్చుకొనును. త్రాగి ఊరకుండిన, పోయువాడు మఱల పోయును. మొగమాటముచేత మనవాడు మఱల త్రాగును. అతడు మఱల పోయును. చాలునని తెలుపుటకు గిన్నెను ఇటునటు రెండుమూడు మాఱులు మెల్లగా ఆడించి తిరిగి యీయవలెను.