పాత హోటల్లో పిల్లలతో ఒక రాత్రి

పెళ్లికో, పరీక్షకో హైదరాబాద్ వచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గరో, అబిడ్స్‌లోనో పాత హోటల్లో దిగే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. రైలు దిగితే నడిచి వెళ్లేంత దూరం, కింద అడుగు పెడితే టిఫిను. మంచి ఎంపికే. నేను చెప్పేది ఒక్కటే: గదిలోకి వెళ్లగానే టీవీ పెట్టకండి, సామాను విప్పకండి. పిల్లల చెయ్యి పట్టుకుని ముందు అంతా ఒకసారి చూపించండి.

బాత్రూమ్‌తో మొదలుపెట్టండి. పాత తలుపుల గడియలు బిగుసుకుపోతుంటాయి. లోపల గడియ పెట్టుకున్న చిన్నపిల్లలకు మళ్లీ తియ్యడం రాదు. లోపల వాళ్లు ఏడుస్తుంటే బయట మనకు కాళ్లూ చేతులూ ఆడవు. "గడియ పెట్టకు నాన్నా, నేనిక్కడే ఉంటా" అని ముందే చెప్పండి. తలుపు పైన తువ్వాలు వేలాడదీస్తే అది పూర్తిగా మూసుకోదు. గీజర్ నీళ్లు ఎంత వేడిగా వస్తాయో తెలియదు. కుళాయిల మీద ఎరుపు, నీలం గుర్తులు చెరిగిపోయి ఉండొచ్చు. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేణ్నీళ్లు కలపండి. చెయ్యి పెట్టి చూసి, గీజర్ స్విచ్ ఆపాకే పిల్లల్ని పిలవండి.

కిటికీ పక్కన మంచమో కుర్చీయో ఉంటే దూరం జరపండి. బాల్కనీ ఊచల మధ్య పిల్లల తల దూరేంత సందుంటే గది మార్చమనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

తర్వాత మెట్ల దాకా నడవండి. మధ్యలో ఎన్ని తలుపులున్నాయో పిల్లల చేతే లెక్కపెట్టించండి. పొగ కమ్మినా, కరెంటు పోయినా ఆ లెక్కే దారి చూపిస్తుంది. అలాంటప్పుడు లిఫ్ట్ ఎక్కకూడదనీ, ఆపదలో 112కి ఫోన్ చెయ్యాలనీ అక్కడే చెప్పండి. లిఫ్టుకు ఇనుప జాలీ తలుపుంటే దాన్ని లాగడం పెద్దవాళ్ల పనే, వేళ్లు నలుగుతాయి.

రాత్రి బస్సుల హారన్లకి, కొత్త గోడలకి పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఇంట్లో కప్పుకునే దుప్పటి తెస్తే సగం బెంగ తీరుతుంది. బాత్రూమ్ లైటు వెలుగుతూ ఉండనివ్వండి. పక్క తడపడం మానేసిన పిల్లలు కూడా కొత్తచోట మళ్లీ తడపొచ్చు. తడిపితే గది శుభ్రం చేసే అబ్బాయి ముందు ఆ మాట ఎత్తకండి, దయచేసి. ఆ సిగ్గు వాళ్లకు చాలాకాలం గుర్తుంటుంది. మీరే పక్కకు వెళ్లి నెమ్మదిగా చెప్పి దుప్పటి మార్పించండి.

పొద్దున టిఫిన్ అయ్యాక ఫోన్ చేతికివ్వకుండా బయటికి తీసుకెళ్లండి. 1935లో నల్లరాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్ గడియార స్తంభం దగ్గర్లోనే ఉంది. కాస్త ముందుకు ఆటోలో వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి గడియారంలోంచి గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. దానికోసం పెద్దవాళ్లూ కాచుకుని కూర్చుంటారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, పిల్లలకు మాటిచ్చేముందు వారం చూసుకోండి.